పుస్తకంలో లేని ఇల్లు

కొండ కింద టికెట్లు చింపే బావమరిది చెవిలో ఊదిన మాటకు రేడియో గుండె గుభేలుమంది.

“బావా, ఆ ఎర్ర గొడుగావిడ ఒక్కతే వచ్చింది. అందరికంటే ఎక్కువ మాట్లాడే గైడెవరో ఆయనే కావాలంది. గైడ్లను పరీక్షించడానికి టూరిజం ఆఫీసువాళ్ళు మారువేషంలో పంపే మనిషి ఆవిడేనేమో. నోరు జాగ్రత్త.”

రేడియో ఆయన అసలు పేరు కాదు. పందొమ్మిదేళ్ళుగా ఆ కొండ మీద గైడు. మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదని తోటి గైడ్లు తగిలించిన పేరు. వచ్చిన చిక్కల్లా ఆ నోటితోనే. గైడ్లు ఏం చెప్పాలో ఆఫీసు పన్నెండు పేజీల పుస్తకం అచ్చేసి ఇచ్చింది. కొండ ఎత్తు, నది వెడల్పు, వంతెన కట్టిన ఏడాది, అంతవరకే. అవతలి గట్టు వేరే దేశం. అక్కడి మనుషుల మీద సొంత కవిత్వం అల్లితే బ్యాడ్జీ ఊడుతుందని చివరి పేజీలో పెద్దక్షరాల్లో ఉంది. రేడియో మీద అప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి. మూడోది పడితే ఇంట్లో కూర్చోవడమే. ఆయనకు మాట్లాడడం తప్ప మరో పని రాదు.

అందుకే ఆ పూట నోటికి తాళం వేసుకుని కొండెక్కాడు.

మొదటి మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడి, ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

“ఈ కొండ ఎత్తు రెండు వందల పన్నెండు మీటర్లు. నది ఇక్కడ తూర్పుకు తిరుగుతుంది.”

ఆవిడ ఆవులించింది. “ఇదంతా కింద బోర్డు మీదే ఉంది కదండీ.”

“ఉందమ్మా. అందుకే చెబుతున్నాను.”

ఆవిడ నదిని ఒక చూపు చూసి వదిలేసింది. టూరిస్టన్నాక అక్కడ కనీసం పది ఫొటోలు తీసుకోవాలి. రేడియో అనుమానం ముదిరింది. వంతెనా, దాని మీద చెక్‌పోస్టూ కనిపించే రెండో మలుపు దగ్గర ఉండబట్టలేక అడిగాడు.

“తమరు ఎక్కణ్ణుంచి అమ్మా?”

“మా చెల్లెలింటికి వచ్చానండీ. ఇవాళ కాస్త తీరిక దొరికింది.”

మారువేషంలో వచ్చే వాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట ఓ చెల్లెలుంటుంది, అనుకున్నాడు రేడియో.

కొండ కొసన గుండ్రటి అరుగు, అరుగు మీద స్టాండుకు బిగించిన దుర్భిణి. ఆవిడ కన్ను ఆనించి, దాన్ని నేరుగా అవతలి గట్టుకు తిప్పింది.

“ఆ నీలం తలుపుల ఇల్లు ఎవరిది?”

“పుస్తకంలో లేదమ్మా.”

“మేడ మీద ఎవరో బట్టతలాయన బట్టలారేస్తున్నాడు.”

“అదీ లేదమ్మా.”

“చొక్కాని ఒక చేతికి క్లిప్పు పెట్టి వేలాడదీశాడు చూడండి. పాపం, ఇంట్లో ఆడదిక్కు లేదనుకుంటా.”

రేడియో పళ్ళు బిగబట్టాడు. పెదాలు బిగబట్టాడు. లాభం లేకపోయింది.

“లేకపోవడమేమిటమ్మా, మహాతల్లి, ఉండేది. పొద్దున పది కొట్టేసరికి బక్కెట్టుతో మేడెక్కేది. మాట ఇక్కడికి వినబడదు గానీ, చేతులు తిప్పే తీరు చూస్తే ఆయన్ని దులిపేస్తోందని తెలిసేది. ఆయన బుద్ధిగా తలూపేవాడు. సాయంత్రమైతే ఇద్దరూ పిట్టగోడ దగ్గర ఒకే కప్పులో కాఫీ తాగేవాళ్ళు. లేచిపోయి పెళ్ళి చేసుకున్న జంట అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి.”

“నిజంగా లేచిపోయారా?”

“నాకేం తెలుసమ్మా. వినడానికి బావుంటుందని.”

ఆవిడ కింది పెదవి కొరుక్కుంది. “మరి ఇప్పుడేమైంది?”

“నాలుగు రోజులుగా మేడ మీదికి రాలేదు. బట్టలూ ఆయనే, మొక్కలకు నీళ్ళూ ఆయనే. ఇంకేముంది, పోయింది.”

ఇది కవిత్వం కాదు. దుర్భిణి పెట్టిన రెండేళ్ళ నుంచి, మొహం సరిగా ఆనకపోయినా, రోజూ చూసిన మనిషి. సొంత అక్క పోయినట్టే ఉంది రేడియోకు.

“రెండు పూటలు అన్నం సయించలేదమ్మా. నదవతలి మనిషికి నీ ఏడుపేమిటని మా ఆవిడ తిట్టింది. నిన్న పద్నాలుగు మంది టూరిస్టులను ఇక్కడే నిలబెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటింపజేశాను.”

ఆవిడ చున్నీతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తోందో, నవ్వుతోందో రేడియోకు అంతుపట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది, చివరి పేజీలో ఏది వద్దని రాసి ఉందో అదంతా పొల్లుపోకుండా చేసేశానని.

“ఏం రాసుకుంటారో రాసుకోండమ్మా. బ్యాడ్జీ కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. ఆ మహాతల్లి గురించి చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోను.”

ఆవిడ సంచిలోంచి ఫోను తీసి నంబరు నొక్కింది.

ఆఫీసుకే. పందొమ్మిదేళ్ళ ఉద్యోగం కళ్ళముందే పోతుంటే చూడలేక, రేడియో మొహం తిప్పుకుని దుర్భిణికి కన్ను ఆనించాడు. అవతల బట్టతలాయన తడి చొక్కా ఒకటి భుజాన వేసుకుని, జేబులు తడుముకుంటున్నాడు.

“ఏమండీ, ఆ ఆరేసింది చాలు గానీ, కొండవైపు తిరిగి ఒకసారి చెయ్యూపండి, నేను పోయానని ఇక్కడొకాయన రెండు పూటలు తిండి మానేశాడట,” అని వెనక నుంచి ఆవిడ ఫోన్లో అంటుంటే, దుర్భిణిలో బట్టతలాయన చెవి దగ్గర ఫోనుతో ఇటు తిరిగి తడి చొక్కా ఊపడం మొదలుపెట్టాడు.