అలవాటైన ప్రార్థన

"ప్రభువా, ఈ నూతన దంపతులను దీవించుము..." కళ్ళు మూసుకుని పాస్టరు అందుకున్నాడు.

స్ట్రెచర్ మీది దర్జీ ఉలిక్కిపడ్డాడు. "అయ్యగారూ! నాకు గుండె ఆపరేషనా, రెండో పెళ్ళా?"

పాస్టరు ముఖం పాలిపోయింది. "క్షమించు తమ్ముడూ. ఏడాదిగా నోరు ప్రార్థన చేస్తోంది గానీ, నేనందులో లేను. లోపలంతా ఎండిపోయింది."

"టైమైంది, పక్కకి జరగండి," అంది నర్సు.

దర్జీకి చెమటలు పట్టాయి. అయినా సెలైన్ సూది ఉన్న చేత్తోనే పాస్టరు తలను దగ్గరికి లాక్కున్నాడు. "దేవా, గుండీలు కుట్టుకునే నా గుండెకి డాక్టరు కుట్లేస్తాడు. ఈయన గుండె మాత్రం నువ్వే చూసుకో. ఆమెన్."

స్ట్రెచర్ కదిలింది. పాస్టరు దాని కమ్మీ పట్టుకుని పరుగెత్తాడు.

"ప్రభువా, వీణ్ణి తీసుకుపోకు! నాక్కావాలి, తిరిగిచ్చెయ్!"

ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకున్నాక గానీ, తాను దేవుడితో మాట్లాడుతున్నానని ఆయనకు తెలియలేదు.