ఆనప పాదు వ్యాకరణం

ఈ ఆదివారం ఆనప పాదు ఒక్క కొమ్మ తప్పినా గుల్నాజ్ ఆరేళ్ల పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే.

భాషకున్నట్టే మొక్కకీ వ్యాకరణం ఉంటుందని ఆమె వాదన. మొగ్గ ఉన్నచోట ఆకు, నులితీగ, మళ్లీ ఓ మొగ్గ. ప్రతి మూడో కణుపు దగ్గర ఓ కొమ్మ, ముప్ఫై డిగ్రీల మలుపు. ఈ సూత్రాలు కంప్యూటర్‌కి ఇస్తే, వచ్చే వారానికి తీగ ఎలా ఉంటుందో బొమ్మ గీసి పెడుతుంది.

గైడ్ చలపతిరావుగారు నవ్వారు. “పాదుకి పాఠాలు చెబుతున్నావా అమ్మా?”

వట్లూరులో కాలేజీ వెనకే వీరరాఘవమ్మగారి పెరడు. అక్కడి పందిరే గుల్నాజ్ ప్రయోగశాల. ఆదివారం వచ్చి కొలతలు తీసుకునేది. వచ్చే వారపు బొమ్మ అప్పుడే పెద్దావిడ చేతిలో పెట్టేది.

“మళ్లీ ఆదివారానికి ఇలా రావాలండి మామ్మగారూ. రాకపోతే నా చదువు అటకెక్కినట్టే.”

“ఎందుకు రాదమ్మా, వస్తుంది. శనివారం మాత్రం ఇటు రాకు తల్లీ, నాకు క్షణం తీరికుండదు.”

రెండు నెలలు పాదు గీత దాటలేదు. ఓ వారం గుల్నాజే పొరపాటున ముప్ఫైకి బదులు తొంభై కొట్టింది. బొమ్మలో తీగ గోడ మూలలా తిరిగింది. అది ఇచ్చేశాక చూసుకుని, వారమంతా అన్నం సయించక తిరిగింది. ఆదివారం వెళ్లి చూస్తే పాదు కూడా గోడ మూలలాగే తిరిగి ఉంది. ఆమెకి ఒళ్లు గగుర్పొడిచింది.

చలపతిరావుగారు నవ్వడం మానేశారు. ఆ తొంభై మీద విడిగా ఓ అధ్యాయం రాయించారు.

ఇవాళ బయటి యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ శామ్యూల్‌గారు స్వయంగా వచ్చారు. బొమ్మ పట్టుకుని మెడ పట్టేసేలా గంటసేపు పందిరి కింద తిరిగారు. నలభై రెండు కణుపులు, పద్నాలుగు కొమ్మలు. అన్నీ లెక్కకి లెక్క.

“నా సర్వీసులో ఇలాంటిది చూడలేదండి,” అంటూ సంతకానికి పెన్ను తీశారు. గుల్నాజ్ కళ్లు చెమర్చాయి.

మజ్జిగ గ్లాసులతో వచ్చిన వీరరాఘవమ్మగారిని మర్యాదకి పలకరించారాయన. “ఏం ఎరువేస్తారండీ దీనికి?”

“ఎరువుదేముందండీ, పాపం ఆ పిల్ల చదువు పోకూడదని, బొమ్మలో లేని కొమ్మల్ని తుంచేసి, ఉన్నవాటిని అరటినారతో బొమ్మలో ఉన్న వైపుకి లాగి కట్టేసరికి నా శనివారం కాస్తా అయిపోతోందండి.”