చప్పుడు లేని పంపు

మూడో గాలి మిషను ఆన్ చేయగానే శుభ్రంగారు రెండు చెవులూ మూసుకున్నారు.

"ఛీ. ఇది మిషనా, కడుపునొప్పి వచ్చిన దున్నపోతా?"

షాపాయన స్విచ్చి ఆపి, అసలు కారేదండీ అని అడిగాడు. కారు లేదన్నారు శుభ్రంగారు. పోనీ బైకా? అదీ లేదు. సైకిలు? ఉండేది, అమ్మేశారు. టైరే లేని మనిషికి గాలెందుకన్న ప్రశ్న షాపాయన మొహంలో మొహమాటం లేకుండా కనిపించింది.

"టైరు పక్కింటివాడిదయ్యా. టయర్డ్ అయింది నేను."

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. మంచినీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. పాతికేళ్లుగా చుక్క నీళ్లలో క్రిములను వెతికీ వెతికీ, ఇప్పుడు ఎక్కడ చూసినా అవే కనిపిస్తాయి. శుభ్రంగా తినాలి, శుభ్రంగా తిరగాలి, పోయినా శుభ్రంగా పోవాలి అంటూ ప్రతి మాటకూ 'శుభ్రంగా' తగిలిస్తారు కనుక, జనం దానికే 'గారు' తగిలించేశారు. చెప్పడమే కాదు, చేస్తారు కూడా. తెల్లవారుజామున ఐదింటికే పెరటి కుళాయి దగ్గర నిలబడి పళ్లకు పది నిమిషాలు, నాలుకకు ఇరవై. నాలుకబద్ద అంగిట్లోకంటా వెళ్లకపోతే అది తోముకోవడం కాదు, తోసెయ్యడం అంటారు.

అంత నిష్ఠగల మనిషికి నెల్లాళ్లుగా నరకం చూపిస్తున్నాడు పక్కింటివాడు.

వాడిది గుడ్ల వ్యాను. గుడ్లు వాడివి, తేలేస్తున్నది ఈయన. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఇటు ఈయన కుళాయి, అటు వాడి వ్యాను. ఈయన కుళాయి దగ్గర నిలబడ్డారో లేదో గోడవతల గాలి పంపు డబడబడబ మొదలు. ఇనప డబ్బాలో గులకరాళ్లు పోసి దొర్లించినట్టు అరగంట. రోజూ గాలి కొట్టాలంటే అది టైరా, జల్లెడా? తాను లేచేదాకా కాచుకుని కూర్చుంటాడని శుభ్రంగారి అనుమానం. టైరులో ప్రెషరు సంగతేమో గానీ, ఈయన బీపీ మాత్రం రోజూ ఫుల్లు.

ఇల్లు మారదామని భార్యతో అన్నారు. ఆవిడ బట్టలు కుడుతుంది, కుట్టించుకునేవాళ్లంతా ఆ వీధివాళ్లే. ఆవిడ చెవుల్లోంచి దూది తీసి మరీ వింది. ఆ దూది పెళ్లయిన కొత్తలో మొదలెట్టిన అలవాటు.

"మారాల్సింది ఇల్లు కాదండీ," అంది. తగువు పెట్టుకోకుండా నెలాఖరులోగా తేల్చుకోమంది, లేదంటే ఆయన్నొక్కణ్నే మారమంది.

అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ. నెలాఖరుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. అందుకని, ఆ పంపు తనను ఇంట్లోంచి పంపకముందే ఆ పంపునే పంపించెయ్యాలని శుభ్రంగారు నిశ్చయించుకున్నారు. చప్పుడు లేని మిషనొకటి కొని వాడికి బహుమతిగా ఇస్తే సరి.

షాపాయన నాలుగోది తీశాడు. బ్యాటరీది. కారుకు తగిలించక్కర్లేదు, గాలి నిండగానే తనంతట తానే ఆగిపోతుంది, అంకెలు వెలుగుతాయి అంటూ చదవబోయాడు. అంకెలు అక్కర్లేదు, ఆన్ చెయ్యమన్నారు.

ఆన్ చేశాడు. శుభ్రంగారు చెవి దగ్గర పెట్టుకున్నారు. తుమ్మెద గుసగుసలాడినట్టుంది.

"ఇదే కావాలి. కొత్తది ఇవ్వు."

ఇదొక్కటే ఉందన్నాడు షాపాయన. ఒకాయన పట్టుకెళ్లి కొన్నాళ్లు వాడి, ఇది సరిపోలేదని తెచ్చిచ్చి పెద్దది మార్చుకెళ్లాడట. మిషనులో మాత్రం ఏ లోపమూ లేదట.

శుభ్రంగారు తిప్పి చూశారు. స్విచ్చి పక్కన గులాబీ రంగు గోళ్లరంగు చుక్క. వేలితో ముట్టుకోబోయి, జేబురుమాలు అడ్డం పెట్టుకుని రుద్దారు. పోలేదు.

"ఛీఛీ, ఎవరి చేతులు పడ్డాయో. ఇంత నెమ్మదైనదాన్ని వద్దనుకున్నాడంటే వాడెవడో మనిషి కాడు," అంటూనే కట్టమన్నారు.

ఆ సాయంత్రం డెట్టాలు గుడ్డతో మిషనును మూడుసార్లు తుడిచి, పక్కింటికి వెళ్లారు. గుడ్లవ్యాను డ్రైవరు కుర్చీ వేశాడు. శుభ్రంగారు కుర్చీ తుడుచుకుని కూర్చుని, ముందే అనుకున్న ఉపన్యాసం అందుకున్నారు. పక్కవాడికి కంపరం పుట్టించే పని చేసేవాడికి తన చప్పుడు తనకు వినపడదన్నారు. అరగంటసేపు ఆ రోత భరించడం ఎవరివల్లా కాదన్నారు.

"పొద్దున్నే మనిషి చెవిన పడే మొదటి చప్పుడు శుభ్రంగా ఉండాలయ్యా. అందుకని నేనే కొని తెచ్చాను. ఇకమీదట దీంతో కొట్టుకో."

డ్రైవరు డబ్బా తెరిచాడు. గోళ్లరంగు చుక్క మీద బొటనవేలు పెట్టి భార్య వైపు చూశాడు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"నెల్లాళ్ల కిందటిదాకా ఇది మాదేనండీ బాబాయిగారూ. చీకట్లో స్విచ్చి తెలియాలని ఈ చుక్క మా ఆవిడే పెట్టింది," అన్నాడు డ్రైవరు నేల చూపులు చూస్తూ.

శుభ్రంగారి చెయ్యి జేబురుమాలు మీదికి పోయింది.

"మరి ఇంత మంచిది ఎందుకు మార్చావయ్యా?"

"పొద్దున్నే మీరు నాలుక గీసుకుంటూ 'ఓ... ఓ...' అని కక్కే చప్పుడును ఇది కప్పలేకపోతోందనండీ."