తెర మీదకి రాని మాట

"ఇంకోసారి కొట్టు, లైల్," అంది అతని భార్య వెర్నా, మోడెం పుస్తకంలోంచి తలెత్తకుండా.

"ఎన్నిసార్లు కొట్టను? పొద్దుట్నించీ ఇదే గోల. కూత వినిపిస్తుంది గానీ తెర మీద ఒక్క అక్షరం పడి చావదు."

"మీ నాన్నకున్నంత ఓపికే నీకూ వచ్చింది. ఏదో ఒకటి కొడుతూ ఉండు, నేను చూస్తాను."

ఫోను లైను మీద రెండు కంప్యూటర్లని కలిపే ఆ మోడెం రబ్బరు గిన్నెల్లో రిసీవరు బోర్లా పడుకునుంది. అవతల డులూత్ ఊళ్లో లైల్ అన్న ఆరిన్ కూడా ఇలాంటి కంప్యూటరు ముందే కూర్చునున్నాడు.

లైల్ కాలు ఊపుతూ కొట్టాడు. చేపల గురించి, మంచు గురించి. ఏదీ కనపడలేదు. ఎలాగూ పోవడం లేదు కదా అని, ముప్ఫై ఏళ్లుగా గొంతు దాటనిది కూడా కొట్టేశాడు.

"నాన్న పడవ కొట్టుకుపోయిన రోజు దానికి తాడు వదులుగా కట్టింది నేను. బెల్టు దెబ్బలు నువ్వు తిన్నావు."

"ఇదిగో, దొరికింది," అంది వెర్నా. "ఎకో అని ఒకటుందట. అది పెట్టుకోకపోతే నువ్వు కొట్టింది నీకు కనపడదు. అవతలి వాళ్లకి మాత్రం శుభ్రంగా వెళ్తూనే ఉంటుందట."

లైల్ చెయ్యి రిసీవరు మీదికి పోయింది.

"తియ్యకు, లైను తెగిపోతుంది. అదిగో, మీ అన్న ఏదో పంపుతున్నాడు."

ఒక్కో అక్షరమే, తీరిగ్గా వచ్చి తెర మీద కూర్చుంటోంది.

"తెలుసు. నువ్వు కడుతుంటే కిటికీలోంచి చూశాను. నీకప్పటికి ఆరేళ్లేరా."