ఎడమకాలి తాళం

పాండిచ్చేరి తట్టాంచావడి పారిశ్రామికవాడలో, చీకటిపడి మిషన్లు ఆగిపోయిన ఓ వర్క్‌షాపు షెడ్డులో రఘునాథన్, ముకుందన్ పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కలిసి ఒక పాట రికార్డు చేశారు. రెండు గిటార్లు, రెండు గొంతులు, అంతే. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పాడారు. తమ బ్యాండ్ విడిపోయిననాటి కసి ఇద్దరిలోనూ అలాగే ఉంది.

రఘునాథన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట విన్నాడు. గిటార్ల వెనక టక్, టక్ మని నేలమీద చెప్పు తాళం వేస్తోంది. అతనికి ఒళ్లు మండింది.

"ఏందిరా, ఆ పాడు అలవాటు ఇంకా పోలేదా? ఎడమకాలు ఊరికే పెట్టుకోలేవా?"

అనేశాక అతని చూపు ముకుందన్ కాళ్లమీద పడింది. షుగరు ముదిరి ముకుందన్‌కు ఆ కాలు తీసేసి రెండేళ్లయింది. ప్యాంటు మోకాలి దగ్గర మడిచి పిన్ను పెట్టి ఉంది. కుడికాలు కుర్చీ కమ్మీ మీద కదలకుండా ఉంది.

రఘునాథన్ పాట ఆపేసి, హెడ్‌ఫోన్స్ తీసేశాడు. టక్, టక్ ఆగలేదు. ముకుందన్ కుర్చీ కిందనుంచే వస్తోంది.

"ఇంట్లో కూడా రాత్రయితే ఇంతే," అన్నాడు ముకుందన్. "ఆ కాలు ఆపరా అని అప్పుడు అందరి ముందరా నన్ను తిట్టి తిట్టి చంపితివే. అది నా మాట వినదు. నువ్వే చెప్పు దానికి."