వెనక సీటు తూకం

మెకానిక్ కారు కింద నుంచి బయటికొచ్చేసరికి షెడ్డు వాకిట్లో మూడు చక్రాల టూరింగ్ బైకు ఆగి ఉంది. పక్కనే ధాన్యం షావుకారు. చేతిలో హెల్మెట్, ముఖంలో ఫిర్యాదు.

వెనక షాక్ అబ్జార్బర్లు మార్చాలట. మామూలువి కాదు, బరువుని బట్టి గాలి నింపుకునేవి. ఉన్నవాటిలో మేలైనవి.

"దూరం వెళ్తున్నారా?"

"వచ్చే వారం కొండల మీదికి. పన్నెండు రోజులు. మేమిద్దరమే."

కిందటిసారి రెండో రోజే వెనుదిరిగారట. వెనక కూర్చున్న మనిషికి నడుం పట్టేసింది. గతుకు గతుకుకీ ఒక మూలుగు, మలుపు మలుపుకీ ఒక సలహా. ఈసారీ సగంలో తిరిగొస్తే ఇక జంటగా బండెక్కేది లేదని ఇంట్లో తేలిపోయిందట.

పెళ్లాం సణుగుడు ఆపడానికి ఇంతకన్నా చవకైన మార్గాలు మెకానిక్‌కి నాలుగైనా తెలుసు. అవి చెబితే తనకేం మిగులుతుంది? బుద్ధిగా తలూపాడు.

"వెనక కూర్చునేవాళ్ల బరువెంతండీ? గాలి తక్కువైతే బండి నేలకి ఆనుతుంది, ఎక్కువైతే మనిషి ఎగురుతుంది."

"తొంభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు."

మెకానిక్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. పెళ్లాం బరువు గ్రాములతో సహా అప్పజెప్పిన మొగుణ్ణి చూడటం అతనికిదే మొదలు. రోజూ పొద్దున్నే బస్తాలతో పాటు కాటా ఎక్కిస్తాడేమో, మహానుభావుడు.

"అమ్మగారు కాస్త పుష్టిగానే ఉంటారన్నమాట."

షావుకారు దగ్గారు.

"ఓసారి ఆవిడని కూర్చోబెట్టి చూస్తే బాగుంటుందండీ."

"బజారుకెళ్లింది. నా మాట మీద బిగించు."

వెనక సీటు మీద ఒక సిమెంటు బస్తా, పాత గేరుబాక్సు, డబ్బాడు బోల్టులు పేర్చి, తొంభై ఆరుకి సరిచూసుకుని, మూడు గంటల్లో పని ముగించాడు మెకానిక్. తన పనితనానికి తనే ముచ్చటపడ్డాడు.

అప్పుడు గేటు తోసుకుని ఒకావిడ వచ్చింది. చేతిలోని కూరగాయల సంచితో కలిపి తూచినా యాభై దాటదు.

"అయిందాండీ?" అని షావుకారుని అడిగింది.

మెకానిక్ ఆవిడకేసీ వెనక సీటుకేసీ మార్చి మార్చి చూశాడు. ఈ బిగింపు మీద ఈవిడ కూర్చుంటే మొదటి గతుక్కే వెళ్లి చెట్టు కొమ్మన పడుతుంది. మూడు గంటల చాకిరీ నీళ్లపాలు, పైగా ఊరంతా చెడ్డపేరు.

"తూకం తప్పారయ్యా" అన్నాడు షావుకారు చెవిలో.

"ముప్పై ఏళ్లుగా కాటా పడుతున్నాను. నా తూకం తప్పదు" అన్నారాయన, నేలచూపులు చూస్తూ.

ఆవిడ సంచిలోంచి తాళం తీసి, ముందు సీటెక్కి బండి స్టార్ట్ చేయగానే, తొంభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములూ కిక్కురుమనకుండా వచ్చి వెనక సీట్లో కూర్చున్నాయి.