నాలుగు చోట్ల ఆగిన లారీ

"కృత్తివెన్ను నుంచి గుడివాడకి నాలుగు చోట్ల ఆపావా? నువ్వు డ్రైవరువా, ఊరేగింపులో పెళ్లికొడుకువా?" ఫోన్లో లారీ ఆగిన చోట్లు చూపిస్తూ ఓనరు భూషణం గారు చిందులు తొక్కారు. "టీలు తాగుతూ కూర్చుంటే చేప పాడవదూ?"

"టీ కాదండీ," అన్నాడు స్టీఫెన్. "ఎడమ చక్రం మధ్యలో హబ్బు కాలిపోతోంది. చెయ్యి పెట్టి చూసి, చల్లారాకే కదిలాను."

"ఏదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పకు! ఆ యాక్సిల్లో బేరింగు లోపమని, చక్రం ఊడిపోవచ్చని కంపెనీ వాళ్లే ఉత్తరం రాశారు. ఊరికే మారుస్తారట గానీ, బండి రెండ్రోజులు ఆపాలట. సీజను అయ్యాక చూద్దాంలే."

"ఉత్తరం ఎప్పుడొచ్చిందండీ?"

"పోయిన నెల."

స్టీఫెన్ బొబ్బలెక్కిన తన అరచేతిని చూసుకున్నాడు. ఈ నెలంతా ఆ బండిలోనే రోజూ పన్నెండుమంది కూలీలని చేపల చెరువుకి తీసుకెళ్లాడు.

తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"నువ్వు లేకపోతే నా బండి కదలదనుకున్నావా? నేనూ ఒకప్పుడు డ్రైవర్నే!"

భూషణం గారు విసురుగా కేబిన్ ఎక్కారు. కూర్చున్నారు. ఎడమ చక్రం వైపు ఒకసారి తొంగి చూశారు. ఇంజను మాత్రం స్టార్టు చెయ్యలేదు.

"బయల్దేరండి సార్," అన్నాడు స్టీఫెన్. "దారిలో నాలుగు చోట్ల టీ బాగుంటుంది."